రిపోర్టులో దొరకని నొప్పి

(సేవాలాల్ మహరాజ్ జయంతి సభలో, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల్లో ఉండి చదువుకుంటున్న మన వైద్య విద్యార్థులను, యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నన్ను "విద్య, ఆరోగ్యం" అనే అంశం మీద మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద అంశం. నేను అందులో ఒక్క చిన్న ముక్కే తీసుకుంటాను. అది ఒక జబ్బు. పేరు ఫైబ్రోమయాల్జియా. పేరుకు నోరు తిరగకపోవచ్చు గానీ ఆ బాధ మనకు కొత్త కాదు. మన ఇళ్ళల్లో దాన్ని "ఒళ్ళంతా నొప్పులు" అంటారు.

నేను డాక్టర్ని కాదు. బీఈడీ చదివిన టీచర్ని, హాస్టల్ వార్డెన్ని. అందుకని మందుల చీటీ రాయడానికి రాలేదు. ఈ జబ్బును మెడికల్ స్టూడెంట్లకు ఎలా నేర్పాలి, ఆ పాఠంలో మన పిల్లలు ఏం చేయగలరు అన్న సంగతి మాట్లాడతాను. ఎంబీబీఎస్ చదవని వాళ్ళు "ఇది మనకెందుకు" అనుకోవద్దు. మీ అమ్మను ఆస్పత్రికి తీసుకుపోయేది మీరే.

ముందు మనం ఎక్కడ ఉన్నామో చూడండి. ఎల్బీనగర్ చౌరస్తా మన వాళ్ళకు హైదరాబాద్ గుమ్మం లాంటిది. ఒక పక్క విజయవాడ హైవే, ఇంకో పక్క నాగార్జునసాగర్ రోడ్డు. దేవరకొండ, చందంపేట, డిండి తండాల నుంచి బస్సెక్కిన వాళ్ళు ముందు ఇక్కడే దిగుతారు. పిల్లలు కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి హాస్టళ్ళకు వస్తారు. వాళ్ళ అమ్మానాన్నలు బిల్డింగ్ పనికి, అపార్ట్‌మెంట్లలో ఇంటి పనికి, ఆటో నడపడానికి వస్తారు. 2022లో మన రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 6 శాతం నుంచి 10 శాతానికి పెరిగాక మన తండాల నుంచి మెడికల్ కాలేజీల్లో చేరే పిల్లలకు దారి ఇంకొంచెం వెడల్పైంది. అంటే డాక్టర్ కాబోయే బిడ్డ, నొప్పులతో బాధపడే తల్లి ఇద్దరూ ఇదే రోడ్డు మీద ఉన్నారు. కానీ ఆ బిడ్డ చదివే పుస్తకంలోని మాటలు వేరు, తల్లి చెప్పే మాటలు వేరు. నా బాధంతా ఆ రెండింటి మధ్య ఉన్న సందు గురించే.

ఆదివారం హాస్టల్‌కు పిల్లల్ని చూడడానికి వచ్చే తల్లులు ఎలా మాట్లాడతారో మీకూ తెలుసు. "బొక్కలన్నీ నొస్తున్నయ్ మేడం." "పిక్కలు గుంజుతున్నయ్." "ఒళ్ళంతా పచ్చి పుండు లెక్క ఉంది, రవిక వేసుకున్నా నొస్తుంది." "రాత్రి పడుకుంటా గానీ, పొద్దున లేస్తే బండ మోసినట్టే ఉంటది." "ఏదో చెప్పాలని నోరు తెరుస్తా, మాట గుర్తు రాదు." ఇవి వేరు వేరు బాధలు అనుకుంటాం. వీటిలో చాలా మటుకు ఒకే జబ్బు లక్షణాలు కావచ్చునని మనకు చెప్పేవాళ్ళు తక్కువ.

ఇట్లాంటి తల్లి ఆస్పత్రుల చుట్టూ తిరిగే తీరు కూడా మీకు తెలుసు. మొదట ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర సూది. తర్వాత మెడికల్ షాపులో నొప్పి గోలీలు. తగ్గకపోతే సిటీకి వచ్చి రక్త పరీక్షలు, ఎక్స్‌రే, ఇంకా గట్టిగా అడిగితే ఎంఆర్ఐ. చివరికి ఫైలంతా తిరగేసి "ఏం లేదమ్మా, అన్నీ నార్మల్" అంటారు. ఆ మాట మంచి ఉద్దేశంతోనే అని ఉండొచ్చు. కానీ ఆమెకు ఎట్లా వినిపిస్తుంది? "నువ్వు అబద్ధం చెప్తున్నావు" అన్నట్టు. ఇంటికి పోయాక ఇంకో మాట పడాలి: "పని ఎగ్గొట్టనీకి నాటకం." అప్పు చేసి తెచ్చిన డబ్బు పరీక్షలకు పోయింది, నొప్పి మాత్రం అట్లనే ఉంది, పైగా మాట మీద నమ్మకం కూడా పోయింది. నాకు అన్నిటికన్నా పెద్ద నష్టం ఈ చివరిదే అనిపిస్తుంది.

అసలీ జబ్బేమిటి? ఒంట్లో చాలా చోట్ల నొప్పి, మూడు నెలలు దాటినా పోదు. దాంతో పాటు విపరీతమైన అలసట, పడుకున్నా తీరని నిద్ర, జ్ఞాపకం మసకబారడం, తలనొప్పి, కడుపులో పోట్లు ఉండొచ్చు. ప్రపంచంలో నూటికి ఇద్దరి నుంచి నలుగురికి ఉంటుందని అంచనా. ఆడవాళ్ళలో ఎక్కువగా గుర్తిస్తారు, అయితే మగవాళ్ళకూ వస్తుంది. రోజంతా ఆటో నడిపే అన్న "నొప్పి" అని చెప్పుకోవడానికి సిగ్గుపడితే అతని పేరు ఏ లెక్కలోకీ రాదు.

మరి పరీక్షల్లో ఎందుకు కనిపించదు? ఈ మైక్‌నే చూడండి. నేను మాట్లాడే గొంతు ఒకటే. పక్కనున్న యాంప్లిఫయర్ మీద బటన్ తిప్పితే అదే గొంతు వీధి చివరిదాకా మోగుతుంది. మైక్‌ను విప్పి చూస్తే లోపం దొరకదు, ఎందుకంటే తేడా ఉన్నది బటన్ దగ్గర. ఫైబ్రోమయాల్జియాలో కండరం, కీలు పాడైపోయి ఉండవు. నొప్పి కబురును మోసే నరాలు, వెన్నుపాము, మెదడు ఆ కబురును పెద్దది చేసి వినిపిస్తాయి. వెన్నుపాములో ఇట్లా సున్నితత్వం పెరగగలదని క్లిఫర్డ్ వుల్ఫ్ అనే శాస్త్రవేత్త 1983లో చూపించారు. 2002లో అమెరికాలో రిచర్డ్ గ్రేస్లీ బృందం ఈ జబ్బున్న 16 మందికి, లేని 16 మందికి బొటనవేలి గోరు మీద ఒత్తిడి పెట్టి, అదే సమయంలో మెదడును స్కాన్ చేసింది. ఆరోగ్యవంతులకు పెద్దగా నొప్పి అనిపించని కొద్దిపాటి ఒత్తిడికే జబ్బున్నవాళ్ళ మెదడులో నొప్పికి సంబంధించిన భాగాలు గట్టిగా స్పందించాయి. అంటే ఆ తల్లి నాటకం ఆడడం లేదు. ఆమెకు నిజంగానే అంత నొప్పి పుడుతోంది.

ఇప్పుడు నా అసలు విషయానికి వస్తాను. ఈ జబ్బును గుర్తించే పద్ధతి ఎట్లా మారిందో చూస్తే, దాన్ని ఎట్లా నేర్పాలో కూడా తెలుస్తుంది.

1904లో విలియం గోవర్స్ అనే ఇంగ్లండు డాక్టర్ ఇట్లాంటి నొప్పులకు "ఫైబ్రోసైటిస్" అని పేరు పెట్టారు. పీచు కణజాలంలో వాపు వల్ల వస్తుందని అనుకున్నారు. తర్వాత వెతికితే ఆ వాపు దొరకలేదు. 1976లో ఫిలిప్ హెంచ్ "ఫైబ్రోమయాల్జియా" అన్నారు. అంటే పీచు కణజాలంలో, కండరాల్లో నొప్పి అని మాత్రమే అర్థం, వాపు అన్న మాట తీసేశారు. 1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఒక కొలత పెట్టింది. ఒంటి మీద 18 చోట్ల దాదాపు 4 కిలోల ఒత్తిడితో బొటనవేలితో నొక్కాలి. 11 చోట్లయినా నొప్పి ఉంటే ఈ జబ్బుగా లెక్క. చాలా ఏళ్ళు విద్యార్థులు ఈ వేలి పరీక్షే నేర్చుకున్నారు.

2010లో అదే సంస్థ కొత్త పద్ధతి తెచ్చింది, 2016లో దాన్ని సవరించారు. ఇందులో వేలితో నొక్కే పని లేదు. శరీరాన్ని 19 భాగాలుగా చేసి, గడిచిన వారంలో ఏయే భాగాల్లో నొప్పి ఉందో మనిషినే అడుగుతారు. అలసట, నిద్ర, జ్ఞాపకం, ఇతర బాధలు ఎంత తీవ్రంగా ఉన్నాయో అడుగుతారు. 2016 సవరణ ప్రకారం శరీరంలోని అయిదు ప్రాంతాల్లో కనీసం నాలుగింటిలో నొప్పి ఉండాలి, మూడు నెలలుగా ఉండాలి. ఇంకో ముఖ్యమైన మాట కూడా చేర్చారు: వేరే జబ్బు ఉన్నంత మాత్రాన ఇది లేదని అనుకోకూడదు. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకు ఇదీ ఉండొచ్చు.

దీని అర్థం గమనించారా? వేలి పరీక్ష పోయి మాట పరీక్ష వచ్చింది. ఈ జబ్బుకు డాక్టర్ చేతిలో ఉన్న ముఖ్యమైన పరికరం ప్రశ్న, దానికి రోగి చెప్పే జవాబు. కొత్తపేటలో పాత పండ్ల మార్కెట్ ఉన్న చోట పెద్ద టిమ్స్ ఆస్పత్రికి 2022లో శంకుస్థాపన జరిగింది. మన ప్రాంతానికి పెద్ద ఆస్పత్రి రావడం సంతోషమే, మంచి యంత్రాలు రావాలి. కానీ ఎంత మంచి యంత్రం తెచ్చినా ఈ నొప్పిని ఫొటో తీసి చేతిలో పెట్టదు. దీన్ని వినాలి. వినే డాక్టర్‌కు ఆమె భాష రాకపోతే పరికరం చెడిపోయినట్టే.

ఇక్కడే మన పిల్లల పని మొదలవుతుంది. టీచర్ ట్రైనింగ్‌లో మాకు మొదట నేర్పే సూత్రాల్లో ఒకటి: తెలిసిన దాని నుంచి తెలియని దానికి పోవాలి. మెడికల్ కాలేజీలో ఈ పాఠం చాలాసార్లు తెలియని పేరుతో మొదలవుతుంది: నిర్వచనం, కారణాలు, లక్షణాలు, చికిత్స. పరీక్షకు అది సరిపోతుంది. మీరు మాత్రం మీకు తెలిసిన మనిషితో మొదలుపెట్టండి. అమ్మ, పెద్దమ్మ, అత్తమ్మ ఎవరైనా సరే, ఆమె మాటల నుంచి పుస్తకంలోని మాటకు నడవండి. నేనైతే ఈ పాఠాన్ని నాలుగు మెట్లుగా చెప్తాను.

మొదటి మెట్టు, మధ్యలో ఆపకుండా వినడం. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు అమెరికాలో డాక్టర్ల గదుల్లోని సంభాషణలు రికార్డు చేసి చూస్తే, రోగి చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డు తగిలారు. మన తల్లులు 18 సెకన్లలో అసలు సంగతికే రారు. ముందు బస్సు ఎప్పుడు దొరికిందో చెప్తారు, తర్వాత కొడుకు సంగతి, ఆ తర్వాత నొప్పి. రెండు నిమిషాలు ఆగండి. ఆ బస్సు కథలోనే "పది నిమిషాలు నిలబడలేక మెట్ల మీద కూలబడ్డా" అన్న లక్షణం ఉంటుంది.

రెండో మెట్టు, సరిగ్గా అడగడం. "ఎక్కడ నొప్పి?" అంటే "అంతా" అంటుంది. "స్పష్టంగా చెప్పడం లేదు" అని డాక్టర్ రాసుకుంటారు. దాని బదులు కాగితం మీద మనిషి బొమ్మ ముందు, వెనుక గీసి ఆమె చేతికి పెన్సిల్ ఇవ్వండి. చదువు రాకపోయినా నొప్పి ఉన్న చోట గీత గీయగలదు. "నిద్ర లేచాక తాజాగా ఉంటుందా?" అని అడిగితే "నిద్రెక్కడిది సారు, మబ్బులనే లేవాలె" అంటుంది. అది జవాబు కాదు, ప్రశ్న ఆమె బతుకులో ఇమడలేదు. "పండగ నాడు పని లేకుండా కడుపునిండా పడుకుంటే పొద్దున ఒళ్ళు తేలికవుతుందా, అట్లనే ఉంటుందా?" అని అడగండి. "నొప్పి పదిలో ఎంత?" అన్న ప్రశ్న కూడా అంతే. "పోయిన ఏడాది చేసి ఈ ఏడాది చేయలేకపోతున్న పని ఏంది?" అని అడిగితే కచ్చితమైన జవాబు వస్తుంది.

మన భాష తెలిసిన డాక్టర్ విలువ ఇక్కడ తెలుస్తుంది. ఇప్పుడు చాలా చోట్ల కొడుకో కూతురో పక్కన నిలబడి మన గోర్ బోలీని తెలుగులోకి మార్చి చెప్తారు. కొడుకు ముందు తల్లి నెలసరి గురించి చెప్తుందా? తాగొచ్చి కొట్టే మొగుడి గురించి చెప్తుందా? చెప్పదు. భాష వచ్చిన డాక్టర్ పిల్ల ఆమెతో ఒంటరిగా మాట్లాడగలదు. అయితే దీనికి ఇంకో వైపు కూడా ఉంది. భాష వచ్చిందంటే మీరు ఆమెకు ఊరి మనిషి, చుట్టం కూడా కావచ్చు. తన మాట తండాకు చేరుతుందని భయపడితే ఆమె మీ ముందు అసలు నోరే విప్పదు. విన్న మాట బయటికి పోనివ్వకపోవడం కూడా మీరు నేర్చుకోవాల్సిన వైద్యమే.

మూడో మెట్టు చాలా ముఖ్యం. నమ్మడం వేరు, రోగ నిర్ధారణ వేరు. ఆమె నొప్పిని మొదటి నిమిషం నుంచే నమ్మాలి. కానీ ఆ నొప్పి ఫైబ్రోమయాల్జియానే అని మొదటి నిమిషంలో తేల్చేయకూడదు. థైరాయిడ్ తగ్గినా ఒళ్ళు నొప్పులు, అలసట వస్తాయి. రక్తం తక్కువైతే నీరసం వస్తుంది. కీళ్ళవాతంలో కీళ్ళు వాచి, పొద్దున చాలాసేపు పట్టేసి ఉంటాయి. అందుకే డాక్టర్లు కొన్ని మామూలు రక్త పరీక్షలు చేయిస్తారు. జ్వరం, బరువు తగ్గడం, కీళ్ళ వాపు, ఒక కాలో చెయ్యో బలం పోవడం, మూత్రం మీద అదుపు తప్పడం లాంటివి ఉంటే "ఒళ్ళు నొప్పులే కదా" అని ఊరుకోకూడదు, వెంటనే ఆస్పత్రికి పోవాలి.

మన సాగర్ రోడ్డు పిల్లలకు ఇందులో ఇంకో బాధ్యత ఉంది. నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన మనిషి నడుము, మెడ పట్టేసిందంటే ఫ్లోరోసిస్ గుర్తు రావాలి. మన దేశంలో ఈ జబ్బును 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద డాక్టర్ సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మర్రిగూడ, నాంపల్లి వైపు బోరు నీళ్ళు తాగి పెరిగిన తరం ఇప్పుడు యాభై, అరవై ఏళ్ళ వయసులో ఉంది. నల్లా నీళ్ళు మారినా, బొక్కల్లో చేరిన ఫ్లోరైడ్ అంత తొందరగా పోదు. దీన్ని పసిగట్టడానికి ఊళ్ళల్లో చేసే మూడు తేలిక పరీక్షలు ఉన్నాయి: మోకాళ్ళు వంచకుండా నేల మీది నాణెం తీయగలదా, గడ్డం ఛాతీకి ఆనించగలదా, చేతులు పక్కకు చాపి మోచేయి మడిచి తల వెనుక తాకగలదా. చేయలేకపోతే అది ఫ్లోరోసిసేనని కాదు. పళ్ళు చూడాలి, తాగిన నీళ్ళ సంగతి అడగాలి, ఎక్స్‌రే తీయించాలి. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన క్లాస్‌మేట్‌కు ఈ అనుమానం రాకపోవచ్చు. మీకు రావాలి, ఎందుకంటే ఆ నీళ్ళు మీకు తెలుసు.

నాలుగో మెట్టు, చెప్పడం. అన్నీ చూశాక ఫైబ్రోమయాల్జియా అని తేలితే, "ఏం లేదమ్మా" అన్న మాట మీ నోట రాకూడదు. ఇట్లా చెప్పొచ్చు: "అమ్మా, నీ నొప్పి నిజమే. దీనికి పేరుంది. నీ బొక్కలు, కీళ్ళు అరిగిపోలేదు, దీనితో ప్రాణానికి భయం లేదు. నొప్పిని మోసే నరాలు కబురును పెద్దగా వినిపిస్తున్నయ్. దాన్ని మెల్లగా తగ్గించుకోవచ్చు." ఈ నాలుగు ముక్కలు ఆమె భాషలో చెప్తే, సగం భయం అక్కడే పోతుంది.

జబ్బుకు పేరు పెడితే మనిషి ఇంకా కుంగిపోతుంది, రోగినన్న ముద్ర పడుతుంది అనే డాక్టర్లు కూడా ఉన్నారు. ఆ మాటను కొట్టిపారేయను. తొందరపడి పేరు పెట్టి వదిలేస్తే నిజంగానే నష్టం. కానీ పేరు లేకపోతే మన తల్లులు ఊరుకోవడం లేదు కదా, ఇంకో స్కానింగ్‌కు, ఇంకో సూదికి పోతున్నారు. సరిగ్గా చూసి, వివరించి పెట్టిన పేరు ఆ తిరుగుడును ఆపుతుంది.

చికిత్స సంగతి క్లుప్తంగా చెప్తాను. యూరప్ కీళ్ళ వైద్య నిపుణుల సంఘం 2016లో సవరించిన సూచనల్లో అన్నిటికన్నా గట్టిగా సిఫార్సు చేసింది వ్యాయామాన్ని. అవసరాన్ని బట్టి డాక్టర్లు నరాల సున్నితత్వాన్ని, నిద్రను సరిచేసే కొన్ని మందులు ఇస్తారు. షాపులో కొనే మామూలు నొప్పి గోలీలు ఈ జబ్బుకు పెద్దగా పనిచేయవు. ఏళ్ళ తరబడి మింగితే కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తాయి. స్టెరాయిడ్ సూది కూడా దీనికి మందు కాదు, పదేపదే వేయించుకుంటే షుగర్ పెరుగుతుంది, ఎముకలు బలహీనపడతాయి.

కానీ పొద్దంతా ఇటుకలు మోసే మనిషికి "వ్యాయామం చెయ్యమ్మా" అంటే నవ్వుతుంది. ఆమె నవ్వులో న్యాయం ఉంది. మోత పని వేరు, వ్యాయామం వేరు అని విడమరచి చెప్పాలి. మోత పనిలో ఒంటికి ఎంత భారం పడాలో మేస్త్రీ నిర్ణయిస్తాడు. వ్యాయామంలో ఎంత నడవాలో, ఎప్పుడు ఆగాలో ఆమే నిర్ణయించుకుంటుంది. తక్కువతో మొదలుపెట్టి వారం వారం కొంచెం పెంచుకుంటుంది. "విశ్రాంతి తీసుకో" అని రాసేటప్పుడు కూడా ఆ రోజు కూలీ ఎవరిస్తారో ఒక్క క్షణం ఆలోచించండి. ఇంట్లో ఎవరు ఏ పని పంచుకోగలరో ఆమె ముందే ఇంటివాళ్ళను అడగండి. బతుకులో ఇమడని సలహాను ఎవరూ పాటించరు.

కాలేజీలో ఇదంతా నేర్చుకునే వీలు ఉందా అంటే, ఉంది. 2019 నుంచి అమలవుతున్న కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో డాక్టర్ ప్రవర్తన, నీతి, రోగితో మాట్లాడే తీరు నేర్పే ప్రత్యేక పాఠాలు చేర్చారు. మొదట్లో జరిగే ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష కూడా ఉంది. జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన కుటుంబ దత్తత కార్యక్రమంలో ప్రతి విద్యార్థీ కొన్ని గ్రామీణ కుటుంబాలను చూసుకోవాలి. ఆ కుటుంబాల్లో ఒళ్ళు నొప్పుల తల్లి తప్పకుండా ఉంటుంది. రోగి వేషం వేసిన మనిషితో విద్యార్థులకు పాఠం చెప్పే పద్ధతిని హోవర్డ్ బారోస్ అనే డాక్టర్ 1963లోనే అమెరికాలో మొదలుపెట్టారు. మనకు అంత ఏర్పాటు అక్కర్లేదు. హాస్టల్ గదిలో రాత్రి భోజనాలయ్యాక ఒక చెల్లె అమ్మ వేషం వేయాలి, ఇంకో చెల్లె డాక్టర్. అమ్మ వేషం వేసిన పిల్ల గోర్ బోలీలోనే చెప్పాలి. మిగతావాళ్ళు డాక్టర్ ఎప్పుడు అడ్డు తగిలిందో, ఏ మాట అర్థం కాలేదో రాసుకోవాలి. తర్వాత వేషాలు మార్చుకోవాలి. మన నాటకాల్లో నవ్వు ఎట్లాగూ వస్తుంది, దాంతో పాటు పాఠం కూడా వస్తుంది.

ఇంక మెడిసిన్ చదవని యువతకు కొన్ని మాటలు. అమ్మ పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక్క ఫైల్లో పెట్టండి, చేసిన పరీక్షే మళ్ళీ చేయించే ఖర్చు తగ్గుతుంది. రెండు వారాలు ఆమె నొప్పి ఎక్కడుందో, ఎట్లా పడుకుందో, ఏ గోలీ వేసుకుందో ఫోన్లో రాయండి. పెద్ద డాక్టర్‌కు చూపించాల్సి వస్తే నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. 2018 సెప్టెంబర్ నుంచి ఎల్బీనగర్ మెట్రో రైలు అటువైపే పోతుంది, ఇర్రంమంజిల్‌లో దిగితే దగ్గర. అమ్మ దేవుడికి మొక్కుకుంటానంటే, భగత్ దగ్గరికి పోతానంటే ఎగతాళి చేయవద్దు, పోనివ్వండి, ఆస్పత్రి మాత్రం మానొద్దని చెప్పండి. డాక్టర్ మనసు బాధ గురించి అడిగితే "మా అమ్మకేమన్నా పిచ్చా" అని కోప్పడవద్దు. దీర్ఘకాలం నొప్పి పడ్డ మనిషికి దిగులు రావడం సహజం, దానికీ వైద్యం ఉంది. అన్నిటికన్నా ముందు, ఇంట్లో "నాటకం" అన్న మాట వినపడకుండా చూడండి.

నొప్పి మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించింది. దానికి జతచేసిన వివరణలో, ఒక మనిషి తనకు నొప్పి ఉందని చెప్తే ఆ మాటను గౌరవించాలని చేర్చింది. మన ఇంటి నుంచే ఆ గౌరవం మొదలు కావాలి.

చివరగా ఒక పని అప్పగిస్తాను. టీచర్ని కదా, హోంవర్క్ ఇవ్వకుండా దిగను. ఈసారి తీజ్‌కు తండాకు పోయినప్పుడు నోట్‌బుక్ తీసుకుపోండి. నొప్పికి, అలసటకు, నిద్ర పట్టకపోవడానికి, తిమ్మిరికి, మంటకు, గుంజుడుకు మన గోర్ బోలీలో ఎన్ని మాటలు ఉన్నాయో అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగి రాయండి. తెలుగు లిపిలోనే రాయండి, పక్కన తెలుగు అర్థం రాయండి. ఒక్కో తండాలో ఒక్కో మాట ఉంటుంది, అన్నీ రాయండి, ఏది సరైందని వాదించుకోవద్దు. మన మెడికల్ స్టూడెంట్లు వాటిని ఒక్కచోట చేర్చి ఆ 19 భాగాల మనిషి బొమ్మ పక్కన పెడితే చిన్న పుస్తకం అవుతుంది. మన సంఘం దాన్ని అచ్చు వేయగలదు. మన భాష రాని డాక్టర్ టేబుల్ మీద కూడా అది ఉండాలి. అప్పుడు "అంతా నొప్పే" అన్న తల్లి మాట ఆ డాక్టర్‌కు కూడా అర్థమవుతుంది.

ఆ పుస్తకంలో మొదటి పది మాటలు వచ్చే జయంతికల్లా నాకు చూపించండి. 

జై సేవాలాల్.